లిగ్నైట్‌తో అద్దకం నీళ్ల శుద్ధి: నా అనుభవం

పాటూరు నేతగాళ్ల అద్దకం నీళ్లలోంచి రంగు తీయడానికి లిగ్నైట్‌తో (గోధుమ రంగు నేలబొగ్గు) చేసిన పరీక్షలు ఎట్టకేలకు ఒక కొలిక్కి వచ్చాయి. వివరాలు మరుగున పడకముందే రాస్తున్నా.

ముందు సరుకు. లిగ్నైట్ బదులు పీట్ వాడదామని అడిగితే నర్సరీల్లో కోకోపీట్ చేతిలో పెడతారు. అది కొబ్బరి పీచు పొట్టు, చిత్తడి నేలల్లో వేల ఏళ్లు మగ్గిన పీట్ కాదు. లిగ్నైట్ పేరుతో సర్కారు తుమ్మ బొగ్గు అంటగట్టే వాళ్లూ ఉన్నారు. చిటికెడు పొడిని కాస్టిక్ సోడా నీళ్లలో వేసి చూడండి. లిగ్నైట్ అయితే నీళ్లు డికాక్షన్ రంగుకు తిరుగుతాయి, కట్టెబొగ్గుకు తిరగవు. మేం వాడింది నైవేలి లిగ్నైట్. గనిలోంచి వచ్చినప్పుడు దాని బరువులో దాదాపు సగం నీళ్లే.

దంచి, 600 మైక్రాన్ల జల్లెడలో దిగి 250 మీద నిలిచినదాన్ని తీసుకున్నాం. 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాల్సింది తేమ లెక్కకు కొద్దిగా మాత్రమే. మిగతాది నీడన పలచగా ఆరబెట్టాలి. మరీ ఎండితే సన్న రంధ్రాలు కుంచించుకుపోతాయి, తడిపినా పూర్తిగా తెరుచుకోవు. కుప్పగా పోస్తే గాలి తగిలి తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

పొడి ఎంత రంగు పట్టుకుంటుందో చూసే మిథిలీన్ బ్లూ (ఒక నీలి రంగు) పరీక్ష సులువు. లీటరుకు 50 మి.గ్రా. ద్రావణం 100 మి.లీ., పొడి అర గ్రాము, రాత్రంతా షేకర్. ఫిల్టర్ పేపరు వాడొద్దు, కాగితమే రంగు పీల్చుకుంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పొడిని వేరుచేసి, కాంతిని ఎంత మింగుతుందో కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 664 నానోమీటర్ల దగ్గర చదవాలి. ద్రావణంలో లీటరుకు 8 మి.గ్రా. మిగిలితే గ్రాము పొడి 8.4 మి.గ్రా. పట్టినట్టు.

అసలు తలనొప్పి అద్దకం నీళ్లతో మొదలైంది. లిగ్నైట్ వేశాక నీళ్లు తేటపడకపోగా ఇంకా ముదిరాయి. బయటి ల్యాబ్‌కు పంపితే 'రంగు తొలగింపు శూన్యం' అని రిపోర్టు ఇచ్చి, ఫీజు తీసుకుని, చేతులు దులుపుకుంది. బ్లాంక్ (రంగు లేకుండా ఉత్త లిగ్నైట్‌తో చేసే పోలిక పరీక్ష) నడపమని బతిమాలితే 'మీ బొగ్గు పనికిరాదు' అన్నారు. నలుగురి ముందు ఆ మాట పడాల్సి వచ్చింది. బ్లాంక్ లేకుండా రిపోర్టు మీద సంతకం పెట్టే ల్యాబ్‌కు రూపాయి కూడా ఇవ్వకండి.

జరిగింది ఇదీ. నూలుకు వేసే రియాక్టివ్ రంగుల తొట్టిలో సోడా యాష్ ఉంటుంది, పీహెచ్ 11 దాకా పోతుంది. ఆ క్షారానికి లిగ్నైట్‌లోని హ్యూమిక్ ఆమ్లం కరిగి గోధుమ రంగు వదులుతుంది. ఆ రంగు 500 నానోమీటర్ల చుట్టుపక్కల కూడా కాంతిని మింగుతుంది కాబట్టి, అద్దకం నీళ్లలోని ఎర్ర రంగు లెక్కలో కలిసిపోతుంది. రంగు వేయకుండా, అదే పీహెచ్‌లో ఉన్న సోడా నీళ్లలో ఉత్త లిగ్నైట్ వేసి చూపించాం. రీడింగ్ దాదాపు అంతే వచ్చింది. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి పీహెచ్ 2కు దించగానే గోధుమ తెట్టు అడుగుకు దిగింది. దోషం బొగ్గుది కాదని అక్కడే తేలిపోయింది.

రెండో చిక్కు విద్యుదావేశానిది. మిథిలీన్ బ్లూది ధనావేశం, లిగ్నైట్ మీది కార్బాక్సిల్ గ్రూపులది (ఆమ్ల గుణమున్న అణు భాగాలు) రుణావేశం, అందుకే అంత తేలిగ్గా అతుక్కుంది. రియాక్టివ్ రంగులదీ రుణావేశమే, రెండూ వికర్షించుకుంటాయి. మిథిలీన్ బ్లూ గ్రాఫులు చూపించి అద్దకం నీళ్లకు హామీ ఇచ్చే వాళ్లను నమ్మొద్దు.

పొడిని 0.1 నార్మల్ (పలచని) ఆమ్లంతో కడిగి, ఆమ్లం పోయేదాకా నీళ్లు మార్చాం. అద్దకం నీళ్ల పీహెచ్‌ను 3కు దించి కలిపాం. అప్పుడు ఎరుపు కంటికి తెలిసేలా పలచబడింది. శుద్ధయ్యాక సున్నంతో మళ్లీ 7కు తేవాలి. ఆ ఖర్చు లెక్క వేయకుండా నేతగాళ్లకు మాట ఇవ్వకండి.

వర్క్‌షాపు నీళ్లలోని డీజిల్‌కు ఇంత గొడవ లేదు. నీళ్లంటే గిట్టని అణువులు లిగ్నైట్ సేంద్రియ పదార్థంలోకి వాటంతటవే చేరతాయి. పురుగుమందుల్లో క్లోరిపైరిఫాస్ కూడా అలాగే పట్టుబడుతుంది. నీళ్లలో ఇట్టే కరిగే మోనోక్రోటోఫాస్ మాత్రం చాలావరకు జారిపోతుంది.

వాడేసిన పొడిని చేలో చల్లొద్దు. పట్టినదాన్ని, ముఖ్యంగా పీహెచ్ మారితే, మళ్లీ వదిలేస్తుంది. మూత ఉన్న డ్రమ్ములో, పైన పేరు రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్న వాళ్లకే అప్పగించాలి.