అటకమీద మొదలైన సంఘం

కెనడాలోని క్విబెక్ రాష్ట్రపు దక్షిణాన, రిషెల్యూ నదికి పడమటి ఒడ్డున, అమెరికా సరిహద్దుకు ఎంతో దూరం లేని చోట గ్రాండ్ లీన్ అనే పల్లె ఉంది. పెద్ద గీత అని ఆ పేరుకు అర్థం. ఒక పొడవాటి దారి వెంబడి పొలాలను పట్టీలుగా కోసి పంచుకున్న ఫ్రెంచి రైతుల ఊళ్లలో అదీ ఒకటి. ఇప్పుడు సాన్ బ్లేజ్ అనే ఊరిలో కలిసిపోయింది. కొన్ని నెలలుగా ఈ పల్లెలోని చిన్న సంఘం చరిత్రే చదువుతున్నాను. పెద్ద పెద్ద దేవాలయాల చరిత్రలు చదివినప్పుడు కలగని చనువు ఈ కొద్దిమంది విశ్వాసుల మీద నాకు కలిగింది. అందుకే వారి గురించి రాయాలనిపించింది.

ఫ్రెంచి మాట్లాడే సువార్త విశ్వాసులు (ప్రొటెస్టెంటు క్రైస్తవులు) కెనడాలో ఎందుకంత అరుదో ముందు చెప్పాలి. 1627లో ఫ్రాన్సు రాజ్యం ఈ వలస ప్రాంతాన్ని ఒక వర్తక సంస్థకు అప్పగించినప్పుడు కాథలిక్కులు మాత్రమే అక్కడ స్థిరపడాలని షరతు పెట్టింది. 1763లో ఆ నేల బ్రిటిషువారి చేతికి పోయాక ప్రొటెస్టెంటు విశ్వాసం వచ్చింది గాని, గెలిచినవారి మతంగా, ఇంగ్లీషు భాషలో వచ్చింది. కాబట్టి క్విబెక్ రైతుకు ఫ్రెంచివాడు కావడమూ కాథలిక్కు కావడమూ వేరువేరు సంగతులు కావు. కాథలిక్కు గురువును వదిలినవాడు తన జాతినే వదిలాడని ఊరు నమ్మేది. దానికి తోడు పేరుకు దశమభాగమే అయినా, పండిన ధాన్యంలో ఇరవై ఆరో వంతు చర్చికి చేరాలి కనుక, ఒక కుటుంబం విడిపోతే ఆ లోటు విచారణ (ఒక గురువు కింద ఉండే చర్చి ప్రాంతం) మొత్తానికీ తెలిసిపోయేది.

ఇలాంటి చోటికి వచ్చినవారు స్విట్జర్లాండువారు. హెన్రియెట్ ఫెల్లర్ 1800లో వో ప్రాంతంలో పుట్టింది. భర్త లోజాన్ నగరంలో పోలీసు అధికారి. ఆ రోజుల్లో జెనీవా, లోజాన్ ప్రాంతాల్లో ఉజ్జీవం, అంటే విశ్వాసంలో కొత్త మేలుకొలుపు, రగులుతుండగా, 1824లో వో ప్రభుత్వం తన అధికారిక చర్చికి వెలుపల జరిగే ప్రార్థన కూడికలను చట్టంతో నిషేధించింది. అటువంటి కూడికలను అణచే శాఖలో పనిచేసేవాడి ఇల్లాలు ఆ కూడికలవైపే ఆకర్షితురాలైంది. పసిబిడ్డ పోయింది, 1827లో భర్త పోయాడు. అప్పటికే మాంట్రియల్ చేరిన ఒక స్విస్ సంఘ కాపరి (పాస్టర్) కుటుంబం పిలుపు అందుకుని, 1835లో లూయీ రూసీ అనే యువ సువార్తికుడు తోడు రాగా ఆమె సముద్రం దాటింది. అక్టోబరు ఆఖరి రోజున వారు మాంట్రియల్లో అడుగుపెట్టారు. అప్పటికి ఆమెకు ముప్పై ఐదేళ్లు, రూసీకి సుమారు ఇరవై మూడేళ్లు.

మొదటి ఏడాది పొడుగునా ఎదురుదెబ్బలే. రూసీకి లకాడీ అనే ఊళ్లో దొరికిన బడిపంతులు పని గురువుల వ్యతిరేకతతో పోయింది. ఆమె సాన్ జాన్ పట్టణంలో బడి పెడదామని చూసినా సాగలేదు. 1836 శరత్కాలంలో ఇద్దరూ గ్రాండ్ లీన్ చేరారు. అక్కడ వారిని ఆదరించిన ఒక కుటుంబం ఇంటి అటకమీద బడి మొదలైంది. బడి అక్కడే, ఆమె నివాసమూ అక్కడే.

ఆ అటక నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు. పగలంతా పిల్లలు అక్షరాలు దిద్దేవారు. పొద్దుగూకాక పొలాల నుంచి పెద్దవాళ్లు వచ్చేవారు. తమ పేరు తాము రాసుకోలేని రైతులు ఆ ఊళ్లలో ఎక్కువమంది. ఏటవాలు కప్పు కింద, నిలబడితే తల తగిలే చోట, నాగలి పట్టి కాయలు కాచిన వేలు పుస్తకంలోని ఒక్కొక్క అక్షరం మీదుగా జరుగుతూ ఉండగా, తెలిసిన భాషలో సువార్త వాక్యం మాట మాటగా పలుకుతుంటే, ఆ మనిషి లోపల ఏం జరిగి ఉంటుందో ఊహించుకుంటాను. ఈ సంఘానికి పునాది ప్రసంగం కాదు, చదువు అని నా అభిప్రాయం. రూసీ గొప్ప వక్త కావచ్చు, ఇల్లిల్లూ తిరిగి ఉండవచ్చు. అయితే అతను వెళ్లిపోయాక కూడా ఇంట్లో మిగిలినది, తానుగా గ్రంథం తెరిచి చదువుకోగల మనిషి. 1837లో అలాంటి కొద్దిమందితోనే సంఘం ఏర్పడింది.

ఆ సంవత్సరం చివరే తిరుగుబాటు వచ్చింది. బ్రిటిషు పాలన మీద లేచిన పేట్రియట్లకు, ఫ్రెంచి మాట్లాడుతూ ప్రొటెస్టెంట్లయిన ఈ 'స్విస్సులు' అనుమానాస్పదంగా కనిపించారు. రాత్రివేళ గుంపులు ఇళ్లను చుట్టుముట్టి గోల చేస్తూ, మతం వదలండి లేదా ఊరు వదలండి అని బెదిరించాయి. నవంబరు చలిలో సుమారు 60 మంది సామాన్లు సర్దుకుని సరిహద్దు దాటి, న్యూయార్కు రాష్ట్రంలోని షాంప్లేన్ పట్టణంలో తలదాచుకున్నారు. రెండు నెలలు గడిచాక మళ్లీ తమ ఊరికే తిరిగి వచ్చారు. తరిమినవారి పక్క పొలాల్లోనే మళ్లీ దున్నుకోవడానికి ఎంత ధైర్యం కావాలో నేను కొలవలేను.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించిన మనిషి డాక్టర్ సిరిల్ కోటే. వైద్యుడు, శాసనసభలో లకాడీ ప్రతినిధి, పేట్రియట్ల నాయకుల్లో ఘాటైనవాడు. 1838 నవంబరులో నేపియర్‌విల్ దగ్గర జరిగిన రెండో తిరుగుబాటును నడిపించినవారిలో ఒకడు. అది ఓడిపోయాక అమెరికాలో ప్రవాసంలో ఉండగా, తన అనుచరులు తరిమివేసిన ఆ విశ్వాసులే అతనికి పరిచయమయ్యారు. మారుమనస్సు పొందాడు. క్విబెక్‌కు తిరిగి వచ్చి సాన్ పీ ఊళ్లో కాపరి అయ్యాడు. 1850లో నలభై దాటీ దాటగానే కన్నుమూశాడు. దశమభాగాన్ని రాజకీయంగా ఎదిరించినవాడు కాబట్టి ఇటు రావడం సహజమని కొందరు అనవచ్చు. నాకు అది చాలినంత వివరణ అనిపించదు. అధికారం మీద కోపం మనిషిని చర్చి బయటికి నడిపించగలదు గాని, పల్లెటూరి కాపరిని చేయలేదు.

తొలినాళ్లలో ఏ శాఖ పేరూ పెట్టుకోని ఈ సంఘం తరువాత ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖ అయిన బాప్టిస్టులతో కలిసింది. అమెరికా విశ్వాసుల కానుకల సాయంతో 1840లో రాతి భవనం లేచి, బడి అటక దిగింది. అదే ఫెల్లర్ విద్యాసంస్థగా పెరిగింది. 1868 మార్చిలో హెన్రియెట్ గ్రాండ్ లీన్‌లోనే మరణించింది. రూసీ 1880 దాకా ఉన్నాడు.

ఇంత చదువు చెప్పిన సంఘం ఎందుకు చిన్నదిగానే మిగిలిందన్న ప్రశ్నకు కూడా జవాబు బడిలోనే ఉంది. క్విబెక్‌లో బడులు మతం ప్రకారం చీలి ఉండేవి: కాథలిక్కు బడి, ప్రొటెస్టెంటు బడి. ఫ్రెంచిలో చదువు చెప్పేది దాదాపుగా కాథలిక్కు బడే. ప్రొటెస్టెంటు బడి ఇంగ్లీషుది. విశ్వాసం కాపాడుకుందామని పిల్లల్ని ప్రొటెస్టెంటు బడికి పంపితే, ఒక తరం దాటేసరికి ఇంట్లో భాష మారిపోయేది. పెళ్లిళ్లు, ఆరాధన కూడా ఆ భాషలోకే మారిపోయేవి. మరికొన్ని కుటుంబాలు బతుకుతెరువు కోసం న్యూ ఇంగ్లండు మిల్లులకు వెళ్లిపోయాయి. విశ్వాసమూ భాషా రెండూ నిలిచే చోటు కావాలంటే ఫెల్లర్ వంటి బడే గతి. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతోంది, ఎందుకంటే హింస విరగ్గొట్టలేని సంఘాన్ని బడి దరఖాస్తు ఫారంలోని ఒక గడి నెమ్మదిగా తరిగించింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1943 నుంచి 1946 వరకు, ఆ భవనాలను ప్రభుత్వం తీసుకుని జర్మన్ సైనికాధికారులకు బందీల శిబిరంగా వాడింది. తరువాత బడి మళ్లీ తెరుచుకుంది గాని, 1967లో శాశ్వతంగా మూతపడింది. దాని వెనకే, 1969లో, కెనడాలోని ఫ్రెంచి బాప్టిస్టు సంఘాలు ఒక యూనియన్‌గా ఏర్పడ్డాయి. ఆ సంఘాల వంశం వెనక్కి వెతుక్కుంటూ పోతే చేరేది గ్రాండ్ లీన్‌కే, పగలు పిల్లలూ రాత్రి పెద్దలూ నిచ్చెనెక్కి వచ్చిన ఆ అటకకే.