దోమల నూనె ఎంతసేపు పని చేస్తుంది?

ముసురు పట్టిందంటే మా మెడికల్ షాపులో వినిపించే ప్రశ్న మారిపోతుంది. "అన్నా, మందు కలవని దోమల నూనె ఏదన్న ఉందా? పిల్లగానికి రాయాలె" అని అడుగుతారు. నర్సంపేటలో ఫార్మసిస్టుగా ప్రతి వానాకాలం ఈ మాట వింటాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సు దిగి వచ్చే అక్కలే ఎక్కువగా అడుగుతారు. రాత్రంతా కాయిల్ పొగ పీలిస్తే పిల్లల ఊపిరితిత్తులు పాడవుతాయని వాళ్ల భయం. అది న్యాయమైన భయమే. తలుపులు మూసిన గదిలో కాయిల్ కాల్చవద్దని నేనూ చెప్తాను.

కానీ సీసా చేతిలో పెట్టి, డబ్బులు తీసుకొని పంపించడం నాకు మనసొప్పదు. అది ఎంతసేపు పని చేస్తుందో చెప్పకుండా అమ్మితే, ఆ తల్లి పొద్దున పిల్లాడికి రాసి సాయంత్రం దాకా ధైర్యంగా ఉంటుంది. ఆ ధైర్యమే ప్రమాదం.

నిమ్మగడ్డి నూనె, సిట్రొనెల్లా నూనె, లవంగ నూనె... ఇవన్నీ దోమను తరిమేవే, అందులో అబద్ధం లేదు. దోమ మనల్ని కళ్లతో వెతకడం తక్కువ. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పసిగట్టి దగ్గరికి వస్తుంది. తర్వాత చెమటలోని లాక్టిక్ ఆమ్లం వాసన, ఒంటి వేడి దానికి దారి చూపిస్తాయి. ఈ వాసనలు పట్టేది దాని మీసాలు, నోటి పక్కనుండే స్పర్శాంగాలు. సిట్రొనెల్లాలో ఉండే సిట్రొనెల్లాల్, జెరానియాల్, నిమ్మగడ్డిలో ఉండే సిట్రాల్ లాంటివి ఆవిరిగా లేచి ఆ అంగాలను తాకితే దోమ వెనక్కి తిరుగుతుంది. అంటే కాపలా కాసేది చర్మం మీది నూనె కాదు, దాని నుంచి లేచే ఆవిరి. ఆవిరి అయిపోతే కాపలా కూడా అయిపోయినట్టే. పెళ్లికి పోయేముందు చల్లుకున్న సెంటు తలంబ్రాల వేళకు వాసన రానట్టే ఇదీ.

2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. మనుషులు చేతికి రకరకాల మందులు రాసుకొని దోమలున్న పెట్టెలో పెట్టారు. దోమలను తరిమే డీట్ అనే రసాయనం 23.8 శాతం ఉన్న మందు సగటున ఐదు గంటలు ఆపింది. సోయా నూనెతో చేసినది గంటన్నర దాకా ఆపింది. సిట్రొనెల్లాతో చేసినవి మాత్రం సగటున ఇరవై నిమిషాలు కూడా నిలవలేదు. అది కూడా చెమట పట్టని గది లోపల. మన దగ్గర పత్తి చేన్లో వంగి ఏరుతుంటే ఒంటి మీద నూనె ఎంతసేపు ఉంటుందో మీరే ఊహించుకోండి.

లవంగ నూనె సంగతి వేరే చెప్పాలి. ఏమీ కలపకుండా రాస్తే రెండు గంటల దాకా దోమను పూర్తిగా ఆపుతుందని థాయ్‌లాండ్‌లో చేసిన పరీక్షల్లో తేలింది. అది చదివి కొందరు నేరుగా రాసుకుంటున్నారు. లవంగంలోని యూజినాల్ ఘాటు అలాంటిలాంటిది కాదు, చర్మం మండి ఎర్రబడుతుంది. పిల్లల చర్మం అసలే తట్టుకోదు. ఏ సుగంధ తైలమైనా కొబ్బరి నూనెలో కలిపే రాయాలి. నేను చెప్పే లెక్క ఇది: 100 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెకు 2 నుంచి 3 మిల్లీలీటర్ల తైలం. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు వస్తాయి కాబట్టి 40 నుంచి 60 చుక్కలు. ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒకరోజు ఆగి చూడాలి. దురద, మంట లేకపోతేనే వాడాలి. కళ్ల దగ్గర, నోటి దగ్గర, పిల్లల అరచేతులకు రాయొద్దు. కొబ్బరి నూనె ఆవిరిని కాస్త నెమ్మది చేస్తుంది, అయినా గంటగంటకు మళ్లీ రాసుకోవలసిందే. సాయంత్రం వాకిట్లో కూర్చొని ముచ్చట పెట్టుకునేటప్పుడు, వంట చేసుకునేటప్పుడు ఇది చక్కగా సరిపోతుంది.

వేప నూనెను వీటితో కలిపి మాట్లాడతారు కానీ అది వేరే జాతి. గడ్డిని ఆవిరి పట్టి తీసేది తైలం, వేప గింజను గానుగ ఆడి తీసేది నూనె. వేప నూనె అంత తొందరగా ఆవిరి కాదు. వాసన భరించగలిగితే, కొబ్బరి నూనెలో కొద్దిగా కలిపి పెద్దవాళ్లు రాసుకోవచ్చు.

ఇక జామాయిల్. మా జిల్లాలో ఎటు పోయినా జామాయిల్ తోటలే కనిపిస్తాయి. "ఆకు నలిపి రాస్తే చాలు కదా అన్నా, నీలగిరి తైలమే కదా" అని రైతులు అడుగుతారు. దోమల మందుగా ప్రపంచమంతా ఒప్పుకున్నది నిమ్మ వాసన వచ్చే యూకలిప్టస్. అది వేరే చెట్టు. దాని ఆకుల తైలాన్ని శుద్ధి చేస్తే పీఎండీ అనే పదార్థం చిక్కగా వస్తుంది. అది తక్కువ మోతాదు డీట్‌తో సమానంగా, గంటల తరబడి పని చేస్తుంది. మన జామాయిల్ ఆకులో, జలుబుకు వాడే నీలగిరి తైలంలో ప్రధానంగా ఉండేది సినియోల్. ముక్కు తెరుచుకుంటుంది కానీ దోమ మీద అంత బలం చూపించదు. కాబట్టి సీసా కొనేటప్పుడు పేరు కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఏముందో చూడండి. పీఎండీ ఉన్నది కూడా మూడేళ్లలోపు పిల్లలకు రాయకూడదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఖాళీ అయిన దోమల మిషన్ రీఫిల్‌లో వేప నూనె, కర్పూరం నింపి పెట్టమని ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. కర్పూరం పొరపాటున చిన్నపిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి, కొద్దిగా పోయినా ప్రమాదమే. నీలగిరి తైలం మింగినా అంతే. రీఫిల్ సీసా నేల మీది ప్లగ్గు దగ్గర, పాకే పిల్లల చేతికందేచోట ఉంటుంది. ఏ నూనె అయినా, ఏ మందు అయినా అందనంత ఎత్తున, మూత బిగించి పెట్టండి. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా వెంటనే సీసాతో సహా దవాఖానకు తీసుకుపోండి.

డెంగీ గురించి అడిగేవాళ్లకు నేను నూనె సీసా చూపించను. ఆ దోమ పగలు కుడుతుంది, ఎక్కువగా పొద్దున, సాయంత్రం పొద్దు వాలేముందు. ఇంట్లో రాసిన నిమ్మగడ్డి నూనె బడిలో ప్రార్థన అయ్యేసరికే అయిపోతుంది. పిల్లలకు నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు వేయండి. పెద్ద పిల్లలకు మీద రాసే క్రీమ్ వాడండి. మనకు తెలిసిన ఓడోమాస్‌లో ఉండేది 12 శాతం డైఈథైల్ బెంజమైడ్, గడ్డి నూనె కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. కూలర్ అడుగున, డ్రమ్ముల్లో, పాత టైర్లలో నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడలను రుద్ది కడగాలి. డెంగీ దోమ ఏడిస్ గుడ్లు ఎండిన గోడకు అంటుకొని నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. వారం, పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. శుక్రవారం డ్రై డే అని పెట్టింది ఈ లెక్క మీదే, వారానికొకసారి కడిగితే ఆ వరుస తెగుతుందని.

మలేరియా దోమది రాత్రి పని. మలేరియా దోమ ద్వారానే వ్యాపిస్తుందని తేల్చే దారిలో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో ఆ క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ములుగు, ఏటూరునాగారం వైపు అడవి ఊళ్లలో దానికి మందు పూసిన దోమతెరలు ఇస్తారు. వాటిని చేపల వలలకో, కూరగాయల పందిళ్లకో కట్టకుండా మంచం చుట్టూ కట్టుకోమని బతిమాలుతుంటాను.

మిర్చి కాలం వస్తే కల్లాల దగ్గర కావలి పడుకునే రైతులు వస్తారు. పంట ఎనుమాముల మార్కెట్‌కు చేరేదాకా రాత్రిళ్లు అక్కడే. వాళ్లు అడిగేది నూనే, ఎందుకంటే తెర కట్టడానికి గోడ ఉండదు. నాలుగు కట్టెలు పాతి, తెర చివరలు పరుపు కింద దోపుకోమంటాను. తెరలోకి పోయేదాకా, బువ్వ తినేటప్పుడు, టార్పాలిన్ కప్పేటప్పుడు చేతులకు, కాళ్లకు నూనె. పడుకున్నాక తెర. మొన్న ఒకాయన రెండూ కొనుక్కొని పోయాడు.