షెనండోవా కొండల్లో దారిపని

మా బావగారు ఊరికే ఎవరినీ ఇంటికి పిలవరు. పిలుపు వెనక ఏదో ఒక పని పొంచి ఉంటుంది. జూన్ మొదటి వారంలో ఫోను చేసి, "ఏమోయ్, ఈ శని, ఆదివారాలు ఖాళీయేనా? మందపాటి బూట్లు, తోలు చేతితొడుగులు తెచ్చుకో" అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆయన ఉండేది వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వీలు చిక్కినప్పుడల్లా కారులో పార, రంపం వేసుకుని అడవికి పోతారని అక్క చెప్తూనే ఉంటుంది. "ఇంటి వెనక గడ్డి కోయడానికి మనిషిని పెట్టారు. అడవిలో గడ్డి కోయడానికి మాత్రం తనే డెబ్బై మైళ్లు వెళ్తారు" అని ఆమె ఫిర్యాదు. శుక్రవారం సాయంత్రం న్యూజెర్సీ నుంచి బయలుదేరి వెళ్లి, ఆ ఫిర్యాదు మరోసారి విని, పులిహోర పొట్లాలు కట్టించుకుని, తెల్లవారకముందే బావగారితో కొండదారి పట్టాను.

మేము వెళ్లింది అపలాచియన్ ట్రెయిల్‌కు. జార్జియాలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, 14 రాష్ట్రాలు దాటి, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం మీద ముగిసే కాలిబాట అది. పొడవు దాదాపు 3,500 కిలోమీటర్లు. బెంటన్ మెకాయ్ అనే అటవీ నిపుణుడు 1921లో ఒక వ్యాసంలో ఈ ఆలోచన బయటపెట్టాడు. 1937 నాటికి బాట ఈ చివర నుంచి ఆ చివరకు కలిసింది. 1968లో చట్టం చేసి దీన్ని జాతీయ దారిగా గుర్తించారు. నేల చాలావరకు ప్రభుత్వానిదే అయినా దారిని కనిపెట్టుకుని ఉండేది మాత్రం జీతం తీసుకోనివాళ్లు. సుమారు 30 క్లబ్బులు దీన్ని వాటాలు వేసుకున్నాయి. పెన్సిల్వేనియాలోని పైన్ గ్రోవ్ ఫర్నెస్ నుంచి వర్జీనియాలోని రాక్‌ఫిష్ గ్యాప్ దాకా 240 మైళ్లు పొటోమాక్ అపలాచియన్ ట్రెయిల్ క్లబ్ వాటా. 1927లో పుట్టిన ఈ క్లబ్బు తన వాటాను చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఒక్కో మనిషికి అప్పగిస్తుంది. ఆ మనిషిని ఓవర్సీయర్ అంటారు. ఆ ముక్కలో కొమ్మ విరిగినా, గట్టు తెగినా, గుర్తు చెరిగినా పూచీ ఆ మనిషిదే.

షెనండోవా జాతీయ ఉద్యానంలోకి థార్న్‌టన్ గ్యాప్ దగ్గర ప్రవేశించాం. కొండల వెన్ను మీదుగా సాగే స్కైలైన్ డ్రైవ్ అనే రోడ్డు 105 మైళ్లు. గంటకు 35 మైళ్లకు మించి పోకూడదు. అపలాచియన్ ట్రెయిల్ దాని పక్కపక్కనే నడుస్తూ, మాటిమాటికీ దాన్ని దాటుతుంటుంది. ఈ ఉద్యానానికి ఆకురాలు కాలంలో రంగులు చూడ్డానికి ఎన్నోసార్లు వచ్చాను. ఫొటోలు తీసుకుని, వడలు తిని వెళ్లిపోయాను. కాళ్ల కింద ఉన్నదాన్ని ఎవరో తయారు చేసి ఉంటారన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు.

ఓవర్సీయర్ మాకంటే ముందే వచ్చి పార్కింగ్ స్థలంలో పనిముట్లు పరిచి ఉంచారు. డెబ్బై దాటిన మనిషి. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారట. పేరు రాయను, ఆవిడకు ఇష్టం ఉండదు. మాతో పాటు మరో నలుగురు చేరారు. కొత్తవాణ్ని నేనొక్కణ్నే కనుక జాగ్రత్తలన్నీ నావైపు చూస్తూనే చెప్పారు. పాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోవాలి, ఎందుకంటే ఇక్కడి గోమార్లు కుడితే లైమ్ జ్వరం వస్తుంది. మూడేసి ఆకుల గుత్తులతో ఎగబాకే పాయిజన్ ఐవీ తీగను ముట్టుకోకూడదు, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. రాళ్ల సందుల్లో చూడకుండా చెయ్యి పెట్టకూడదు, గిలక పాములుంటాయి. పనిముట్టును లోయ వైపు చేత్తో పట్టుకుని నడవాలి. కాలు జారితే దాన్ని దూరంగా విసిరేయవచ్చు, దాని మీద పడకుండా ఉండవచ్చు. ఈ చివరి మాట నాకు బాగా నచ్చింది. ఎవరో ఒకరు పడిన తర్వాతే పుట్టిన నియమమని వినగానే తెలుస్తోంది.

నా చేతికి పులాస్కీ ఇచ్చారు. ఒకవైపు గొడ్డలి, రెండోవైపు బాడిస లాంటి అడ్డపు అంచు. 1910లో ఐడహో అడవులు తగలబడినప్పుడు తన మనుషుల ప్రాణాలు కాపాడిన అటవీ రేంజరు ఎడ్ పులాస్కీ పేరుతో ఇది వాడుకలోకి వచ్చింది. మంటలార్పేవాళ్ల పనిముట్టే అయినా వేళ్లు, మట్టి కలిసిన నేలకు ఇంతకంటే అనువైనది లేదు. బావగారు గునపం తీసుకున్నారు. ఆఫీసులో ఆయన్ను చూసినవాళ్లు ఆ గునపంతో చూస్తే గుర్తుపట్టరు.

కొండదారిని పాడుచేసేది చెట్లూ జంతువులూ అనుకున్నాను. అసలు పని అంతా నీళ్లతోనే. నడవగా నడవగా బాట నడుమ నేల గుంటపడుతుంది, లోయ వైపు అంచున మట్టి పోగుపడి చిన్న గట్టు లేస్తుంది. ఇక వాన పడితే నీళ్లకు అదే కాలువ. వాలు పట్టుకుని వేగంగా దిగుతూ మట్టినంతా లాక్కుపోతాయి. రాళ్లు, వేళ్లు బయటపడతాయి. వాటి మీద నడవలేక జనం పక్కనుంచి అడుగులు వేస్తారు, అక్కడా గడ్డి చచ్చిపోతుంది. కొన్నేళ్లలో రెండడుగుల బాట పదడుగుల గాయం అవుతుంది.

అందుకే బాటకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా, దుంగనో రాళ్ల వరుసనో పాతిపెడతారు. దిగివచ్చే నీళ్లు దానికి తగిలి లోయ వైపు మళ్లిపోవాలి. అయితే ప్రతి శిశిరంలో దాని వెనక ఆకులు, ఒండ్రు నిండిపోతాయి. నిండిన తర్వాత నీళ్లు దాన్ని ఎక్కి దాటేస్తాయి. ఆ ఆకులు, ఒండ్రు తోడెయ్యడమే మా మొదటి పని. పైపొర పెళపెళలాడే ఎండుటాకులు. వాటి కింద నల్లగా, తడిగా, ఒకదానికొకటి అంటుకుపోయిన పోయినేడాది ఆకులు. ఆ కింద మెత్తటి ఒండ్రు. ఒక చోట ఆకులు లాగితే వేలెడు పొడవున్న, బల్లిలాంటి సాలమాండర్ బయటపడింది. సన్నటి ఒంటికి వీపు పొడవునా ఇటుక రంగు చార. ఓవర్సీయర్ పనంతా ఆపించి, దాన్ని తడి ఆకుతో సహా దోసిట్లోకి తీసుకుని, పదడుగుల అవతల కుళ్లిన దుంగ కింద వదిలి వచ్చారు.

తోడిన ఒండ్రును లోయలోకి విసరబోతే ఆవిడ వద్దన్నారు. అది బాట నుంచి కొట్టుకొచ్చిన మట్టే కదా, తిరిగి బాట మీది గుంటల్లోనే వేసి తొక్కించాలట. తర్వాత లోయ వైపు గట్టు తెగ్గొట్టి, నీళ్లు పోయేందుకు వెడల్పాటి వాలు తీశాను. ఆవిడ తన సీసాలో నీళ్లు బాట ఎగువన ఒంపారు. నీళ్లు నెమ్మదిగా వచ్చి, దుంగకు తగిలి, అక్కడే మడుగు కట్టాయి. "ఇంకా లోతుగా కాదు, ఇంకా దూరంగా తవ్వండి" అన్నారు. మా నాన్న మిరపచేలో మడవ తిప్పుతుంటే వెనక నిలబడి చూసిన రోజులు గుర్తొచ్చాయి. నీళ్లకు పోవలసిన చోటు చూపించాలి గానీ అడ్డం పడి ఆపకూడదని ఆయన అనేవారు. కాలువను మరో మూడడుగులు సాగదీసి, వాలు సరిచేసి, మళ్లీ నీళ్లు పోయించాను. ఈసారి దుంగ వెంట జారి, ఫెర్న్ మొక్కల్లోకి మాయమయ్యాయి. అంత సంతోషం నా ప్రోగ్రాము ఎప్పుడు తప్పుల్లేకుండా నడిచినా కలగలేదు.

గడ్డి, కొమ్మలు నరికే పనికీ ఒక లెక్క ఉంది. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఖాళీగా ఉండాలి. పెద్ద మూట వీపున వేసుకున్న మనిషికి ఆకు కూడా తగలకూడదు. తగిలితే తడి, తడితో పాటు గోమారు. కొమ్మను సగంలో నరికి మోడు వదలకూడదు, మొదలు దగ్గర కోయాలి. కోసిన కొమ్మను కంటికి కనిపించనంత దూరం లాగి, కోతపడిన కొస అవతలి వైపుకు పెట్టి పడెయ్యాలి. మొత్తం మీద అక్కడ ఎవరూ పని చేయనట్టు కనిపించాలి. ఇంత కష్టపడి ఆనవాలు చెరిపేసుకునే పని మరొకటి నేను చూడలేదు.

పది గంటలప్పటికి దూరపు బాటసారులు రావడం మొదలైంది. వసంతంలో జార్జియాలో బయలుదేరినవాళ్లు జూన్‌కల్లా ఇక్కడికి చేరతారు. అప్పటికే దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచినవాళ్లు. గడ్డాలు పెరిగి, చొక్కాల మీద ఉప్పు చారలతో, కళ్లు మాత్రం చురుగ్గా. ప్రతి ఒక్కరూ ఆగి, "మీ పనికి కృతజ్ఞతలు" అని చెప్పి మరీ కదులుతున్నారు. సగం రోజు పనికే అన్ని దండాలు అందుకోవడం నాకు ఇబ్బందిగా అనిపించింది. బావగారు మాత్రం నిశ్చింతగా స్వీకరిస్తున్నారు. ఒక కుర్రవాడికి పులిహోర పొట్లం ఇస్తే నిలబడ్డ చోటే మూడు నిమిషాల్లో ఖాళీ చేసి, ఎండుమిరపకాయను కూడా నమిలేసి, ఇది ఏ దేశపు అన్నమని అడిగాడు.

ఈ సందర్భంలో శ్రీశైలం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? ఒక శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో నడిచాను. మజ్జిగ, అన్నం పెట్టేవాళ్లు అడుగడుగునా ఉన్నారు, పుణ్యాత్ములు. పారతో మాత్రం ఒక్కరూ కనిపించలేదు. భీముని కొలను లోయలోకి దిగేటప్పుడు మోకాళ్లు పట్టేసి నేను తిట్టుకున్నది రాళ్లనే. అన్నదానానికి ఉన్నంత పుణ్యం కాలువ తీయడానికీ ఉందని ఎవరైనా స్వామీజీ చెబితే బాగుండును.

మధ్యాహ్నం రంగు డబ్బా తీశారు. ఈ దారి పొడవునా చెట్ల మీద తెల్లటి పట్టీలుంటాయి. వెడల్పు రెండంగుళాలు, ఎత్తు ఆరంగుళాలు. ఒకదాని పైన మరొకటి రెండు ఉంటే మలుపు వస్తోందని అర్థం. పక్కదారులకు నీలం. ఓక్ చెట్టు బెరడు మీద పాత పట్టీ పగుళ్లిచ్చి పెచ్చులుగా ఉంది. ముందు బెరడు పైపెచ్చులను గోకుడు కత్తితో తేలిగ్గా గీకాలి. లోపలి జీవం ఉన్న పొరకు తగలకూడదు. తర్వాత సన్న కుంచెతో నాలుగు మూలలూ తిన్నగా దిద్దాలి. నా పట్టీ కింది అంచు నుంచి ఒక చుక్క కారితే ఆవిడ జేబురుమాలుతో తుడిచారు. ఒక గుర్తు దగ్గర నిలబడితే ముందున్న వాటిలో ఒక్కటే కనిపించాలనేది ఆవిడ సూత్రం. ఎక్కువైతే అడవి కాస్తా గోడరాతల వీధి అవుతుందట.

రాత్రి లూరే ఊళ్లో మోటల్‌లో దిగాం. నడుము నొప్పి తప్ప అక్కడి విశేషాలేమీ గుర్తులేవు.

ఆదివారం ఒక నీలి గుర్తుల పక్కదారిలోకి దిగాం. అక్కడ పెద్ద యాష్ చెట్టు బాటకు అడ్డంగా పడి ఉంది. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆసియా పురుగు వచ్చి ఇక్కడి యాష్ చెట్లను నిలువునా చంపేస్తోంది. చచ్చిన చెట్లు ఒక్కొక్కటే ఇలా బాటల మీద పడుతున్నాయి. మోటారు రంపమైతే పది నిమిషాల పని. కానీ ఉద్యానంలో దాదాపు 40 శాతం నేలను వైల్డర్‌నెస్‌గా, అంటే సహజంగా వదిలెయ్యాల్సిన అడవిగా గుర్తించారు, 1964 నాటి చట్టం ప్రకారం అక్కడ మోటారు యంత్రాలు వాడకూడదు. అందుకని ఇద్దరు పట్టే పాతకాలపు రంపం తెచ్చారు. శిక్షణ పొంది సర్టిఫికెట్ ఉన్నవాళ్లే దాన్ని పట్టాలి కాబట్టి నేను ప్రేక్షకుణ్ని. వాళ్లు ముందు రంపం జోలికే పోలేదు. చాలాసేపు మాను చుట్టూ తిరిగి, అది ఎక్కడ ఆనింది, ఎక్కడ వేలాడుతోంది, కోస్తే ఏ వైపు దొర్లుతుంది అని వాదించుకున్నారు. కోత మొదలయ్యాక ఒకే సూత్రం, లాగడమే తప్ప నెట్టకూడదు. నెడితే రేకు వంగుతుంది. పళ్ల మధ్య నుంచి పొట్టు సన్నటి సేమియాలా పొడవుగా రాలింది. అది పొడిపొడిగా రాలితే రంపానికి పదును పెట్టించాలని అర్థమట. కోత బిగుసుకుపోకుండా అందులో ప్లాస్టిక్ ముక్కలు దించుతూ గంట పైనే కోశారు. మధ్య ముక్క విడిపోగానే నలుగురం కూర్చుని కాళ్లతో తన్ని లోయలోకి దొర్లించాం. నా పాత్ర అంతే.

అన్నం తినేటప్పుడు మాట చరిత్ర మీదికి మళ్లింది. 1930లలో స్కైలైన్ డ్రైవ్ వేసినప్పుడు ఈ బాట చాలా చోట్ల రోడ్డు కిందికి పోయింది. కొండ శిఖరాల మీద కార్లేమిటని మెకాయ్ మండిపడ్డాడు. పొటోమాక్ క్లబ్బు మొదటి అధ్యక్షుడు మైరన్ ఏవరీ, రోడ్డు ఎలాగూ ఆగదు, పక్కన కొత్త బాట వేయించుకుందామన్నాడు. ఇద్దరికీ చెడింది. మెకాయ్ 1935లో వైల్డర్‌నెస్ సొసైటీ స్థాపకుల్లో ఒకడయ్యాడు. ఏవరీ చక్రం తోసుకుంటూ బాటను కొలుచుకుంటూ పోయాడు. సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అనే ప్రభుత్వ ఉపాధి పథకం కుర్రాళ్లు ఇక్కడ కొత్త బాట వేశారు. ఓవర్సీయర్ మెకాయ్ పక్షం. నేను ఏవరీ పక్షం. కల కన్నవాడి పేరు అందరికీ తెలుసు. చక్రం తోసినవాడు లేకపోతే మేము నిలబడ్డ బాట లేదు.

ఆ వాదనలో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. ఈ ఉద్యానం కోసం వందలాది కుటుంబాలను ఈ కొండల నుంచి ఖాళీ చేయించారు. పక్కదారి వెంట ఇంకా వాళ్లు పేర్చిన రాతి గోడలున్నాయి. ముంపు గ్రామాల సంగతి తెలిసిన మనకు ఆ గోడల మీద కూర్చుని పులిహోర తినడం అంత సులువు కాదు. బావగారితో అంటే ఆయన తలూపి, చిన్నగా పక్కకు జరిగి నేల మీద కూర్చున్నారు.

చివర్లో ఓవర్సీయర్ ఒక కాగితం తీసి, ఎవరెవరు ఎన్ని గంటలు పనిచేశారో రాసుకున్నారు. కారు ప్రయాణం కూడా లెక్కలోకి వస్తుంది. ఈ గంటలన్నీ కూడి ఉద్యానం వాళ్లకు పంపుతారు. ప్రభుత్వం దగ్గర బాట తరఫున వాదించడానికి ఈ లెక్కే ఆధారం. నేను న్యూజెర్సీ వాణ్నని తెలిసి, అక్కడి బాటను న్యూయార్క్ - న్యూజెర్సీ ట్రెయిల్ కాన్ఫరెన్స్ చూసుకుంటుందని, 1920 నుంచీ ఉన్న సంస్థ అని, అక్కడ చేరమని చెప్పారు. చేరాను. మన తెలుగువాళ్లు శని, ఆదివారాల్లో కొండలెక్కడానికి గుంపులుగా వస్తుంటారు కాబట్టి ఆసక్తి ఉన్నవారికి ఒక మాట. అనుభవం అక్కర్లేదు. పనిముట్లు వాళ్లే ఇస్తారు. చేతితొడుగులు, రెండు లీటర్ల నీళ్లు, గోమార్ల మందు చల్లిన పాంటు మీవే. పులిహోర కాస్త ఎక్కువ కట్టించుకోండి.