కాంటా దగ్గర రాస్‌ప్బెర్రీ పై, క్లౌడ్‌లో ఇంటెల్, చేతిలో మ్యాక్

ఎనుమాముల వైపు ఒక జిన్నింగ్ మిల్లులో లారీ కాంటా తూకం చదివి సర్వర్‌కి పంపే చిన్న ప్రోగ్రామ్ ఒకటి గో భాషలో రాశాను. కాంటా రూమ్‌లో ఉన్న రాస్‌ప్బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌ది ఏఆర్ఎం రకం చిప్, క్లౌడ్‌లో ఉన్న అద్దె సర్వర్‌ది ఇంటెల్ రకం. హనుమకొండలో నేను కోడ్ కొట్టే మ్యాక్ మళ్ళీ ఏఆర్ఎమ్మే, 2020లో ఎం1 వచ్చాక యాపిల్ మెల్లగా అన్నీ అటే మార్చేసింది కదా. ఒక రకం చిప్‌కి కట్టిన ఇమేజ్ (ప్రోగ్రామ్‌నీ దానికి కావాల్సినవన్నీ కలిపి డాకర్ కట్టే మూట) ఇంకో రకం చిప్ మీద నడిపితే 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని ఒక్క ముక్క అని ఊరుకుంటుంది, ఎందుకో చెప్పదు.

దీనికి డాకర్‌లో బిల్డ్ఎక్స్ అని ఇమేజ్‌లు కట్టే కమాండ్ ఉంది. పాత ఇమేజ్ స్టోర్‌తో నడిచే మామూలు బిల్డర్‌కి రెండు ప్లాట్‌ఫామ్‌లు ఒకేసారి చేతకాదు, అందుకే డాకర్-కంటైనర్ డ్రైవర్‌తో కొత్త బిల్డర్ క్రియేట్ చేసుకుని, ప్లాట్‌ఫామ్ దగ్గర ఏఎండీ64 (ఇంటెల్ చిప్‌లకీ ఇదే పేరు), ఏఆర్ఎం64 రెండూ ఇచ్చి, పుష్ పెట్టి నేరుగా రిజిస్ట్రీకి, అంటే ఇమేజ్‌లు దాచే సర్వర్‌కి పంపాలి. అక్కడ ఒకే ట్యాగ్ కింద రెండు ఇమేజ్‌ల లిస్టు ఉంటుంది, ఏ మెషిన్ పుల్ చేస్తే దానికి తగ్గదే దిగుతుంది.

ఇంతవరకు అందరూ చెప్తారు. అసలు తలనొప్పి స్పీడు. వేరే చిప్ బిల్డ్ వచ్చేసరికి క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ (ఒక చిప్ మీద ఇంకో చిప్‌లా నటించే ప్రోగ్రామ్) రంగంలోకి దిగి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌నీ మార్చి నడిపిస్తుంది, మామూలు ఫైల్ పనులకి ఫర్వాలేదు గానీ కంపైల్ దాని మీద వేస్తే చాయ్ తాగి వచ్చినా అక్కడే ఉంటుంది. గో లాంటి భాషకి ఆ ఎమ్యులేషన్ అసలు అక్కర్లేదు. ఇమేజ్ ఎలా కట్టాలో రాసే డాకర్‌ఫైల్‌లో, కంపైల్ జరిగే మొదటి స్టేజ్ ఫ్రమ్ లైన్‌లో ప్లాట్‌ఫామ్‌ని బిల్డ్‌ప్లాట్‌ఫామ్ వేరియబుల్‌కి కట్టేస్తే కంపైలర్ మన మెషిన్ సొంత స్పీడుతోనే నడుస్తుంది. ఏ ఓఎస్‌కి, ఏ చిప్‌కి కట్టాలో డాకర్ చెప్పే టార్గెట్ఓఎస్, టార్గెట్ఆర్క్ విలువల్ని గోఓఎస్, గోఆర్క్‌లకి ఇచ్చి, సీ కోడ్‌ని కలిపే సీగో ఆపేస్తే చాలు. చివరి స్టేజ్‌లో కాపీ తప్ప రన్ లైన్ ఒక్కటీ లేకపోతే క్యూఈఎంయూ లేవదు కూడా.

ఒక్క జాగ్రత్త. ఆ టార్గెట్ వేరియబుల్స్‌ని అదే స్టేజ్ లోపల ఆర్గ్ లైన్‌తో చెప్పాలి. చెప్పకపోతే ఖాళీగా వస్తాయి, గో మన మెషిన్‌కే కంపైల్ చేసేస్తుంది, ఎర్రర్ ఏమీ రాదు, ఇంటెల్ అని పేరున్న ఇమేజ్‌లో ఏఆర్ఎం బైనరీ కూర్చుంటుంది. ఇంతకంటే దొంగ బగ్ ఉండదు.

పైథాన్ వాళ్ళకి ఇంత సులువు కాదు. వాడే ప్యాకేజీకి ఏఆర్ఎం వీల్ (ముందే కంపైల్ చేసి పెట్టిన ప్యాకేజీ) దొరికితే సరే, లేకపోతే ఎమ్యులేషన్‌లో కంపైల్ అవ్వాల్సిందే. అలాంటప్పుడు నిజమైన ఏఆర్ఎం మెషిన్ ఒకటి ఎస్‌ఎస్‌హెచ్ మీద బిల్డర్‌కి కలుపుకోవడమే మేలు.

రాస్‌ప్బెర్రీ పై విషయంలో యూనేమ్ కమాండ్‌ని నమ్మొద్దు, అది చెప్పేది ఓఎస్ గుండెకాయ లాంటి కెర్నల్ సంగతే. కెర్నల్ 64 బిట్ అయినా దాని మీద ఓఎస్ 32 బిట్‌ది ఉండొచ్చు. ప్యాకేజీలు చూసుకునే డీపీకేజీ కమాండ్‌ని ఆర్కిటెక్చర్ అడగండి. ఆర్మ్‌హెచ్‌ఎఫ్ (అంటే 32 బిట్) అని వస్తే బిల్డ్‌కి ఇచ్చే ప్లాట్‌ఫామ్‌ల లిస్టులో ఏఆర్ఎం వీ7 కూడా చేర్చాలి, లేదా కార్డు తీసి 64 బిట్ ఓఎస్ ఎక్కించాలి. పత్తి సీజన్‌లో లారీలు లైన్ కట్టి ఉండగా కాంటా బంద్ పెడతానంటే గుమస్తా ఒప్పుకోడు కాబట్టి నేనైతే వీ7 చేర్చాను.