మాత్రలు ఫ్రీనే, నెల్లూరు పోయిరావడమే ఖర్చు

మా పిన్ని కొడుకు చేత మందు మాన్పియ్యాలని పోయినేడాది ఒక ప్రైవేటు సెంటర్లో మూణ్ణెల్లు పెట్టాం, పిన్ని గాజులు కుదవ పెట్టి మరీ కట్టింది. ఆ మూణ్ణెల్లూ ఫోన్ ఇయ్యలా, చూడనియ్యలా. వొచ్చినప్పుడు ఒళ్ళు చేసి మాట బాగుంటే గట్టెక్కాం అనుకున్నాం. ఇరవై రోజులే. నిమ్మకాయల కోత కూలి చేతికొచ్చిన సాయంత్రం మళ్ళీ మొదలు.

ఆ తర్వాత నెల్లూరు పెద్దాస్పత్రికి తీసకపోతే డాక్టరమ్మ చెప్పింది, బాగా అలవాటుపడ్డోళ్ళు ఇంట్లో ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు, లేనివి కనపడి కేకలేస్తారు, ప్రాణం మీదకి కూడా రావొచ్చు, అందుకే వారం పది రోజులు అడ్మిట్ చేసి బీ1 విటమిన్ ఇంజెక్షన్లు అవీ ఇస్తారంట, అసలు పని అంతా ఆ తర్వాతే, మాత్రలు, మాట్లాడ్డం, నెలల తరబడి. మేమేమో పడకకి గాజులు పెట్టి ఆ నెలల సంగతి పట్టించుకోలా.

సరే, మాత్రలు ఫ్రీనే. కానీ మాది ఉదయగిరి పక్క, నెల్లూరు పోయిరావాలంటే రోజంతా పోద్ది, వాడి కూలి, తోడొచ్చే పిన్ని కూలి, బస్ ఛార్జీలు, టిఫిన్. మూడోసారి పోలా. కొవ్వెక్కింది అన్నాడు మామ, నేనూ అన్నా. "అన్నా, పదిహేను రోజులకొకసారి రెండు కూలీలు యాడ తేను" అన్నాడు వాడు. లెక్కేసి చూస్తే నిజమే.

2019లో వచ్చిన కేంద్రం సర్వేలో, మందుకి బానిసైనోళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందతా ఉందని తేలింది. కొత్త బిల్డింగ్ కడితే మారేది కాదిది. వారానికొక సాయంత్రం మా దగ్గరి ఆత్మకూరు ఆస్పత్రిలో ఓపీ పెట్టి, మాత్రలు ఊరి పీహెచ్‌సీలో ఇచ్చి, రానోళ్ళకి ఎవరన్నా ఒక ఫోన్ కొడితే చాలు, పడకలు ఫిట్స్ వొచ్చేవాళ్ళకి ఉంచుకోవొచ్చు. గొలుసులేసి కట్టేసే సెంటర్ల జోలికి మాత్రం పోబాకండి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అది నేరం. మత్తు గురించి ఏదన్నా అడగాలంటే 14446 ఫ్రీ నంబరు ఉంది.

1992లో మా జిల్లా దూబగుంట ఆడోళ్ళు సారా మీద లేచినప్పుడు మా అమ్మమ్మ కూడా ఊళ్ళో తిరిగిందంట, 1993 అక్టోబరులో సారా నిషేధం వొచ్చేసింది. "కొట్టు మూసినారు గానీ మీ తాత చేతుల వణుకు మూయలా" అనేది.

ఈ సోమవారం వాడితో నేను పోతా ఉండా. పిన్నికి కోత ఉంది.