హాంప్‌షైర్‌లో ఒక చుట్టిల్లు

లండన్ వాటర్‌లూలో రైలెక్కి పీటర్స్‌ఫీల్డ్‌లో దిగాను. అక్కణ్ణించి టాక్సీలో చాల్టన్ ఊరి దగ్గరున్న బట్సర్ ఏన్షియంట్ ఫామ్‌కి. గేటు దాటగానే కాళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా మా శ్రీకాకుళం చుట్టిళ్ళు! గుండ్రటి మట్టిగోడ, దాని మీద నేలకేసి వంగిన గడ్డికప్పు. అమ్మమ్మ వాళ్ళ చుట్టిల్లు నా చిన్నప్పుడే తీసేసి శ్లాబు వేశారు. మళ్ళీ ఆ ఆకారాన్ని చూడ్డం ఇదే.

ఇవి రెండు వేల ఏళ్ళ కిందటి ఇనుపయుగపు ఇళ్ళకు నమూనాలు. పీటర్ రేనాల్డ్స్ అనే పురావస్తు పరిశోధకుడు 1972లో ఈ పని మొదలుపెట్టాడు. తవ్వకాల్లో ఇలాంటి ఇంటి తాలూకు మిగిలేది గుంజలు పాతిన గుంటలే, అంటే నేలలో రంగు మారిన మట్టి మచ్చలు. కర్రా గడ్డీ ఎప్పుడో మట్టిలో కలిసిపోతాయి. ఆ మచ్చల మీద ఇల్లు ఎలా నిలబడిందో తెలియాలంటే కట్టి చూడాల్సిందే. ఇక్కడున్న పెద్ద ఇంటికి ఆధారం సాలిస్‌బరీ దగ్గరి లిటిల్ వుడ్‌బరీలో 1938-39లో గెర్హార్డ్ బెర్సు అనే జర్మన్ పురావస్తు పరిశోధకుడు తవ్వి తీసిన నేల పటం.

లోపల నిప్పు మండుతోంది, కప్పుకి పొగగొట్టం లేదు. కన్నం పెడితే గాలి లాగి, నిప్పురవ్వలు గడ్డికి అంటుకుంటాయట. పొగ పైన పేరుకుని, మెల్లగా గడ్డిలోంచే బయటికి పోతుంది.

రేనాల్డ్స్ ధాన్యపు పాతర్ల మీద చేసిన పరీక్షల గురించి విన్నప్పుడు మరీ ఆశ్చర్యమేసింది. సుద్దనేలలో గొయ్యి తవ్వి, గింజలు పోసి, పైన బంకమట్టితో మూసేశాడు. అంచున ఉన్న గింజలు మొలకెత్తి లోపలి ప్రాణవాయువును వాడేసుకుంటాయి. దాంతో మిగతా గింజలు చెడకుండా నిద్రపోతాయి. పాతర అన్న మాట మన భాషలో ఎంత పాతదో!

నన్ను వలంటీర్లతో గోడ మెత్తే పనిలో పెట్టారు. హేజెల్ అనే చెట్టు సన్న కొమ్మలతో అల్లిన తడిక, దానికి మట్టి, పేడ, గడ్డి కలిపిన ముద్ద. పక్కన రిటైరైన నర్సు ఒకావిడ బూట్లతో మట్టి తొక్కుతోంది. నేను పెట్టిన ముద్దలన్నీ జారి కింద పడుతున్నాయి.

మధ్యాహ్నం అమ్మమ్మకి ఫోన్ చేశాను.

"పొగెలా పోయేదే అమ్మమ్మా మనింట్లో?"

"గడ్డిలోంచే పోద్ది గదా, ఇంకెలా పోద్ది? ఆ పొగకే కప్పుకి పురుగు పట్టదు."

"మరి మట్టి జారిపోతంది."

"పులుముతున్నావేటి? ముద్ద సేసి ఇసిరి కొట్టు."

కాసేపు మాట రాలేదు నాకు. వీళ్ళు మట్టి మచ్చల్ని అడిగి అడిగి ఒక్కో జవాబు రాబట్టుకుంటున్నారు. మన చుట్టిళ్ళు ఒక్కొక్కటే పోతున్నా, కట్టిన చేతులు ఇంకా ఉన్నాయి. అయినా మనం అడగడం లేదు. నేనూ ఇన్నేళ్ళు అడగలేదు. ఆ పూటే రికార్డింగ్ నొక్కాను. తాటాకు ఎప్పుడు కొట్టాలి, గోడ ఎన్నాళ్ళు ఆరాలి అని అమ్మమ్మ చెబుతూనే ఉంది.

తర్వాత ముద్ద విసిరి కొట్టాను. అంటుకుంది. నర్సుగారు చూసి తనూ అలాగే కొట్టింది, తడికకు అవతలి వైపు నుంచి. కొమ్మల సందుల్లో ఆవిడ మట్టీ నా మట్టీ కలిసిపోయాయి.