బయోడేటాలోని రెండు అంగుళాలు

పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి వస్తుంటే, దారి పక్కన బరువు చూసే యంత్రం పెట్టుకుని ఒక పెద్దాయన కనిపించాడు. సంక్రాంతి వెళ్లి వారం కూడా కాలేదు, ఇంట్లో సకినాల డబ్బా ఇంకా సగం ఉంది. ఇలాంటి రోజుల్లో ఆ యంత్రం జోలికి పోకూడదని తెలిసీ ఐదు రూపాయలిచ్చి ఎక్కాను. 74 కిలోలు. జేబులో ఫోను, తాళాలు ఉన్నాయన్నాను. "తీసి మళ్లీ ఎక్కు బిడ్డా, పైసలు వద్దు" అన్నాడు. తీసి ఎక్కాను. ముల్లు కదల్లేదు.

ఇంటికొచ్చి మావాడికి చెబితే, వాడు ఇంటర్ పుస్తకం పక్కన పెట్టి, ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ (బాడీ మాస్ ఇండెక్స్) లెక్క మొదలుపెట్టాడు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. "ఎత్తు ఎంత నాన్నా?" "ఐదడుగుల ఏడంగుళాలు." అంటే 1.70 మీటర్లు, దాని వర్గం 2.89, జవాబు 25.6.

"అది పెళ్లిచూపులనాటి బయోడేటాలో ఎత్తు" అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఇరవై ఏళ్లుగా దాచిపెట్టుకున్న మాట!

నన్ను గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తిన నోటుపుస్తకం పెట్టి పెన్సిల్‌తో గీశారు. 165 సెంటీమీటర్లు. జవాబు 27.2కు ఎగబాకింది. వర్గం చేస్తాం కాబట్టి చిన్న అబద్ధం కూడా లెక్కలో పెద్దదవుతుంది. ప్రపంచ లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. మన భారతీయులకు ఆ గీతలు 23, 25 దగ్గరే గీశారు. అంతే బీఎంఐ ఉన్నా మనకు పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ, షుగర్ ముందే పలకరిస్తుంది. ఆ ప్రకారం బయోడేటా ఎత్తు కూడా నన్ను కాపాడలేదు. 23కు దిగాలంటే 11 కిలోలకు పైనే తగ్గాలి. పాతిక కిలోల బియ్యం బస్తాలో దాదాపు సగం.

నేనూ ఊరుకోలేదు. ఈ సూత్రానికి మూలం 19వ శతాబ్దపు బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త క్వెట్‌లే అని, ఆయన వెతికింది జనంలో సగటు మనిషిని గానీ ఒక్కొక్కరి కొవ్వును కాదని, బీఎంఐ అనే పేరు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ పెట్టాడని చెప్పాను. కండకూ కొవ్వుకూ దానికి తేడా తెలియదు, కబడ్డీ ఆటగాడికీ 27 రావచ్చు అన్నాను.

"మీరు ఏ జట్టులో ఆడుతున్నారు?" అంటూ మా ఆవిడ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసింది. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదట. ఊపిరి బిగబట్టాను. "వదలండి" అంది. 97. నా ప్యాంట్లన్నీ 34 అంగుళాలవే. బెల్టు ఏళ్లుగా పొట్ట కిందికి జారి నెగ్గుకొస్తోంది.

మధ్యాహ్నం గుమ్మం దగ్గర ఆగి చూశాను. మావాడి ఎత్తు ఏటా గీసేది అక్కడే. నా కొత్త గీత వాడి పదో తరగతి గీతకు కాస్త కింద ఉంది.